అంకెల గడిలో మాటలు

ఓహోనువా, ఎయువా దీవి
ఫిబ్రవరి 22, 1999

ఒసే పెలెనైసే,

ఏమే, నీ బ్యాంకు నన్ను చంపేసిందా? పొద్దున్నే పాస్‌బుక్కు పట్టుకుని వెళ్తే, కౌంటర్లో నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల కంప్యూటర్లోకి తొంగి చూసి, "మీ పేరు మీద ఖాతా ఏదీ లేదత్తా" అంది. లేకపోవడమేమిటే? ఇరవై ఏళ్ళ నుంచీ ఉన్న ఖాతా! కొత్త కంప్యూటర్లు పెట్టారట, అందరివీ దించుకుంటున్నారట, నాది మాత్రం దిగలేదట. వెనకాల వరసలో ఉన్నవాళ్ళంతా నన్ను దొంగని చూసినట్టు చూశారు.

డబ్బు కోసం కాదే నా గోల. నీకు తెలుసు. చాపలు అల్లుకుని బతుకుతున్నాను, నా తిండికేం లోటు లేదు. మనాసె కోసం. నాకున్నది ఒక్క తమ్ముడు. వాడికి గొంతు మారిన రోజు నుంచి నేను ఒక గదిలోకి వస్తే వాడు ఇంకో వాకిట్లోంచి బయటికి పోవడమే. మన ఆచారం అది, అక్క ముందు నవ్వకూడదు, కూర్చోకూడదు. ఒంట్లో ఎలా ఉందని వాడు నన్ను అడగకూడదు, నేను వాణ్ణి అడగకూడదు. ఉత్తరం రాస్తే "పూజ్యురాలైన అక్కగారి పాదాలకు" అని మొదలెట్టి చర్చిలో ప్రసంగంలా రాస్తాడు, దాన్ని చదివితే బతికున్నాడో లేడో కూడా తెలియదు.

వాడుండే దీవి బ్యాంకులో నువ్వు ఉండబట్టి కదా నాకు వాడి మాట వినబడేది! వాడు డబ్బు వేసినప్పుడల్లా పక్కన ఒక ముక్క కొట్టి పంపేదానివి. "వానలు మంచివి." "పెద్దాడికి కొడుకు." ఒకసారి మూడున్నర పాంగాలు వేసి "సిగ్గుగా ఉంది" అని రాయించాడు, గుర్తుందా? నేను బ్యాంకు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. మొన్న క్రిస్మస్ ముందు "సొరచేప వల చింపింది" అని వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసుకుందామని వెళ్తే నేను లేనంటారు!

వెంటనే చూసి రాయి.

నీ లెసియెలి

*

నెయాఫు, వవావు
మార్చి 15, 1999

లెసియెలీ,

కోపం తగ్గించుకోవే తల్లీ. నీ ఖాతా చావలేదు, మతి తప్పింది అంతే. నయం చేస్తున్నారు.

తప్పు నాదే. రెండువేల సంవత్సరం వస్తే మా పాత కంప్యూటర్లకి బుర్ర తిరుగుతుందని హెడ్డాఫీసు వాళ్ళు మొత్తం మార్చేస్తున్నారు. పాతదాంట్లో రసీదు నంబరు కొట్టే గడి ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు కదా అని మీ తమ్ముడి మాటలు అందులో కొట్టేదాన్ని. ఒక్క మీ తమ్ముడివే అనుకున్నావా? ఈ ఊళ్ళో సగం మంది తమ్ముళ్ళూ అన్నలూ అక్కచెల్లెళ్ళతో ఆ గడిలోంచే మాట్లాడారు. ఇప్పుడు కొత్త మిషను ఆ గడిలో అంకెలు వెతుక్కుంటే సొరచేప దొరికింది. అన్నీ కక్కేసింది!

న్యూజీలాండు నుంచి వచ్చిన ఇంజినీరు కుర్రాడు ఇంత పొడుగు కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చి, "అమ్మా, 'ముసలి పంది అమ్మేశా' అంటే ఏ కోడు?" అని చాలా మర్యాదగా అడిగాడు. మేనేజరు నవ్వాపుకోలేక బయటికి పోయి, నవ్వేసుకుని లోపలికొచ్చి నన్ను చీవాట్లు పెట్టాడు. ఇంకోసారి చేస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా చేద్దామన్నా చెయ్యలేనులే, కొత్తదాంట్లో ఆ గడి అంకె తప్ప ఏం కొట్టినా తీసుకోదు.

మనాసె శుక్రవారం వచ్చాడు. సంగతి చెప్పాను. "ఒక్క చిన్న మాటైనా పట్టదా పెలే?" అన్నాడు. పట్టదన్నాను. కాసేపు అక్కడ బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత, ప్రతి నెలా ఒకటో తారీకున దానంతటదే నీ ఖాతాలోకి డబ్బు వెళ్ళే ఏర్పాటు కొత్త కంప్యూటర్లో ఉందంటే, సరే పెట్టెయ్యమన్నాడు. ఇక ఇంత దూరం పడవ వేసుకుని రానక్కర్లేదు కదా. మనిషి బాగానే ఉన్నాడు.

పెలె

*

ఓహోనువా
మే 10, 1999

పెలే,

నా ఖాతా తిరిగొచ్చింది. వచ్చి ఏం లాభం? ఏప్రిల్ ఒకటి, ఇరవై పాంగాలు. మే ఒకటి, ఇరవై పాంగాలు. పక్కన ఏమీ లేదు. నా తమ్ముడు ఎప్పుడైనా చెప్పిన రోజుకి చెప్పినట్టు డబ్బేశాడంటే? చేపలు పడితే ముప్ఫై, పడకపోతే పది, మత్తు కావా తాగే చోట ఎవడికైనా ఇచ్చేస్తే అదీ లేదు. ఆ పెరిగేది తరిగేది చూసే వాడి నెల ఎలా గడిచిందో తెలుసుకునేదాన్ని. ఇప్పుడు నాకు తమ్ముడు కాదు, జీతాలిచ్చే ఆఫీసు ఉన్నట్టుంది.

ఇంకోటి. ఈ ఏడు కొత్త పెండలాలు రాలేదు. చేను తవ్వగానే మొదటి బుట్ట అక్కకి రావాలి కదా. తుపాను కొట్టిన ఏడు కూడా వంకర పెండలాలు నాలుగు గోనెలో కుట్టి ఓడ మీద వేశాడు. ఈసారి ఓడ వచ్చినప్పుడల్లా రేవుకి వెళ్ళి అడిగాను. పక్కింటి వాళ్ళకి వాళ్ళ తమ్ముడు పంపినవి దించుకుంటుంటే, నేను ఎవరికోసమో వచ్చినట్టు నటించి తిరిగొచ్చాను. నాకు పరువు పోయిందని కాదు. వాడికి ఏమైంది?

నేను అడగకూడదు. మరదలు ఫీఫిటాకి రాద్దామంటే, అది మొగుడు ఎలా చెప్తే అలా రాస్తుంది. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఒక ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళు. కళ్ళతో చూసి రాయి. అంతే నాకు కావలసింది.

లెసియెలి

*

నెయాఫు
జూన్ 18, 1999

ప్రియమైన లెసియెలీ,

వెళ్ళాను. అంతా బాగానే ఉన్నారు. పెండలాలకి ఈసారి తెగులు తగిలింది, ఆ ఊళ్ళో ఎవరికీ సరిగ్గా పండలేదు. నువ్వేం మనసులో పెట్టుకోకు.

నిన్ను కంగారు పెడుతున్నది మా మిషనే తప్ప మీ తమ్ముడు కాదే. దీని పాపం ఇంతా అంతా కాదు. ఒక తాత వచ్చి తన వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని గంటసేపు కంప్యూటర్ టీవీ మీద వేలు రాశాడు. ఒకే పేరున్న ముగ్గుర్ని కలిపి ఒకణ్ణి చేసేసింది, వాళ్ళు ముగ్గురూ ఇప్పుడు చుట్టాలైపోయి రోజూ కలిసే వస్తున్నారు. మా పాస్టరుగారి భార్యని మైనరు అంది, భర్త సంతకం కావాలంది, ఆవిడ నా మొహం మీదే పర్సు మూసి వెళ్ళిపోయింది. జనానికి కోపమొస్తే కంప్యూటర్ని తిట్టరు కదా, దాని ముందు కూర్చున్నదాన్ని తిడతారు. ఇంటికెళ్ళి పడుకుంటే కూడా ఆ గడులే కనిపిస్తున్నాయి.

మాటలు పట్టకపోవడం వల్ల నీకు అలా అనిపిస్తోంది. అలవాటవుతుందిలే. ఇప్పుడు సముద్రం అస్సలు బాగోలేదు, బయల్దేరి రావాలని మాత్రం చూడకు.

నీ స్నేహితురాలు
పెలెనైసె

*

ఓహోనువా
జూలై 20, 1999

పెలే,

ఉత్తరం అందింది. పాస్టరుగారి భార్య సంగతి ఇక్కడ అందరికీ చదివి వినిపించాను, నవ్వి నవ్వి చచ్చాం.

తర్వాత అందరూ వెళ్ళాక మళ్ళీ చదివాను. "ప్రియమైన" అని నువ్వు నన్ను ఎప్పుడు అన్నావే? "నీ స్నేహితురాలు" అని కింద రాశావు, నాకు తెలియదా? నాలుగు పేజీలు రాశావు గానీ అందులో మనాసె మాట ఒక్కటి లేదు. వాడింటికి వెళ్ళి వచ్చానన్నావు. వాడు ఒక్క జోకైనా వెయ్యకుండా నిన్ను పంపిస్తాడా? బడిలో నీ జడ పట్టుకు లాగిన రోజు నుంచీ నిన్ను ఏడిపించకుండా ఉన్నాడా?

సరే, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో. మిషను వల్లే అన్నావు, నమ్మాను. ఒక్కత్తినే కూర్చుని చాప అల్లుతుంటే ఏవేవో తోస్తాయి.

వాడికి ఒక మాట చెప్పు. పెండలాలు రాకపోతే అక్కకి కోపం లేదని చెప్పు. నేను చెప్పమన్నానని అనకు, నీ అంతట నువ్వే అన్నట్టు చెప్పు. లేకపోతే సిగ్గుతో చచ్చిపోతాడు.

నవంబరులో చర్చి పనికి అటు వస్తాను. అప్పుడు వాడింటి వాకిట్లో నిలబడతాను, వాడు ఎప్పట్లాగే వెనక గుమ్మంలోంచి పారిపోతాడు. వీపైనా కనబడుతుంది కదా, నాకది చాలు.

లెసియెలి

*

నెయాఫు
ఆగస్టు 29, 1999

లెసియెలీ,

ఈ ఉత్తరం ఓడ కెప్టెన్ చేతికే ఇస్తున్నాను. అందగానే బయల్దేరు. నవంబరు దాకా ఆగకు.

మనాసెకి చక్కెర జబ్బు. జనవరిలో పగడపు రాయి గీసుకుని కాలికి పుండు పడింది. మార్చిలో బ్యాంకుకి వచ్చినప్పుడు కాలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. నేను చూశాను. వేళ్ళు నల్లబడ్డాయి. ఏప్రిల్లో ఇక్కడి ఆసుపత్రిలో మోకాలి పై దాకా తీసేశారు. ఈ ఏడు వాడు చేను ముఖమే చూడలేదు లెసియెలీ. తెగులూ లేదు ఏమీ లేదు. పడవ అమ్మేశాడు. నీకు నెలనెలా వెళ్ళేది ఆ పడవ డబ్బే.

మార్చిలోనే రాసేద్దామనుకున్నాను. వాడు బెంచీ మీద కూర్చుని నా చేత దేవుడి మీద ప్రమాణం చేయించుకున్నాడు. కాలు తీశాక వెళ్ళి బతిమాలాను, ఇప్పుడైనా అక్కకి చెప్పనివ్వరా అని. ఏమన్నాడో తెలుసా? "చెప్తే అక్క వస్తుంది. అక్క లోపలికొస్తే నేను లేచి బయటికి పోవాలి. ఎలా పోను పెలే?" అన్నాడు. "పాకుతూ పోనా? ఆవిడ చూస్తుండగా?" అన్నాడు.

నువ్వు అడిగినప్పుడల్లా మిషను మీద నెట్టేశాను. అది వచ్చింది కాబట్టి నాకు అబద్ధం ఆడటం అంత తేలికైంది. పాత రోజులైతే ఆ గడిలో వాడు ఏం రాయించేవాడు? ఖాళీగా పంపితే నువ్వు ఆ వారమే ఓడ ఎక్కేదానివి.

ఇప్పుడు రెండో కాలికి కూడా పాకింది. జ్వరం దిగడం లేదు. నిన్న నన్ను చూసి "అమ్మా" అన్నాడు. ప్రమాణం తప్పుతున్నాను, దేవుడు నన్ను ఏం చేసుకున్నా సరే. నువ్వు రా.

పెలె

*

ఓహోనువా
అక్టోబరు 4, 1999

పెలెనైసె,

నీ ఉత్తరం నేను బయల్దేరాక గానీ రాలేదు. ఇక్కడి ఓడ ఇంజను చెడిపోయి, దారిలో నుకుఅలోఫా రేవులోనే నిలిచిపోయిందట. నాకు రేడియో చెప్పింది. సాయంత్రం కీర్తన అయ్యాక చావు కబుర్లు చదువుతారు కదా. బెరడు బట్ట దంచుతూ వింటున్నాను. వవావు అంది, వాళ్ళ ఊరి పేరు అంది, మనాసె అంది. "ఈ వార్త ఓహోనువాలో ఉన్న అక్క లెసియెలికి తెలియజేయడమైనది" అంది. పక్కన దంచుతున్నవాళ్ళంతా ఆపేశారు. నేను ఇంకా దంచుతూనే ఉన్నానట, వాళ్ళు చెప్పారు.

ఎవరి చేపల పడవో పట్టుకుని నుకుఅలోఫా చేరి, అక్కడి నుంచి పెద్ద ఓడ ఎక్కి వచ్చాను. నా కోసం వాణ్ణి మట్టి చెయ్యకుండా ఆపి ఉంచారు. నువ్వు చూశావుగా, కంచె దగ్గర నిలబడ్డావు. నీ కళ్ళు వాచిపోయి ఉంటే నా దుఃఖం నీదనుకుని నీ మీద ఎంత ప్రేమ పుట్టిందో. నీ ఉత్తరం అప్పటికి చదవలేదు.

అక్క చోటు తల దగ్గర. తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. వాడి మీద చాపలు కప్పి ఉన్నాయి. ఒక పక్క మోకాలి పై నుంచి చాప పల్లంగా పడి ఉంది. అప్పుడు నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మా చిన్నప్పటి తర్వాత వాడూ నేనూ ఒక గదిలో కూర్చోవడం అదే. నేను లోపలికొచ్చినా లేచి వెళ్ళలేదు. రాత్రంతా వెళ్ళలేదు. వాడి జుట్టు ఎంత తెల్లబడిందో నాకు తెలియదు పెలెనైసే. దూరం నుంచి చూస్తే తెలియలేదు.

ఆచారం ప్రకారం పెద్ద చాపలన్నీ, వంద గజాల బెరడు బట్టా అక్కకే ఇచ్చారు. చచ్చిపోయి కూడా నాకే పెట్టాడు. ఫీఫిటాకి, పిల్లలకి ఏం మిగిలిందో నేను చూడలేదు. చూసి ఉండాల్సింది.

ఇంటికొస్తే నీ ఉత్తరం గుమ్మం దగ్గర ఉంది. చదివాను. నిన్ను తిట్టడానికి నాకు తిట్లు దొరకలేదు, అందుకే వెంటనే రాయలేదు.

మొన్న బ్యాంకుకి వెళ్ళాను. ఆ పిల్ల నవ్వుతూ, "మీ తమ్ముడుగారు ఠంచనుగా ఒకటో తారీకుకి వేసేశారత్తా, ఇరవై" అంది.

ఎవరే వేసింది? వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాను. ఎవరు వేశారు? ఆ పిల్లకి చెప్పలేక, నడుముకి కట్టుకున్న మైల చాప బిగించుకుని బయటికొచ్చి, ఎక్కడ నడుస్తున్నానో తెలియకుండా రేవు దాకా వెళ్ళిపోయాను. దాన్ని ఆపు.

లెసియెలి

*

నెయాఫు
అక్టోబరు 20, 1999

లెసియెలీ,

నన్ను నేను సమర్థించుకోను. నువ్వేమన్నా పడతాను.

ఫీఫిటా వచ్చి ఆసుపత్రి వాళ్ళిచ్చిన మరణ పత్రం నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. కొత్త కంప్యూటర్లో అంతా సుళువే. మనాసె పేరు తెరిచి, ఒక చోట "మరణించారు" అని నొక్కితే చాలు, నెలనెలా వెళ్ళేది ఆగిపోతుంది. మిగిలింది ఫీఫిటాకి ఇచ్చేస్తారు. నేను రోజూ తెరుస్తున్నాను. రోజూ మూసేస్తున్నాను. పక్క కౌంటరు అబ్బాయికి ఇద్దామంటే, వాడు గబుక్కున నొక్కేసి టీ తాగడానికి పోతాడని భయం.

ఇంకో సంగతి ఉంది. ఆ డబ్బు నీకు వెళ్తూనే ఉండాలని వాడే అన్నాడు. జూలైలో, ఒళ్ళు బాగా పాడయ్యాక. "నేను పోయినా పడవ డబ్బు ఉన్నన్నాళ్ళు వెళ్తుందా?" అని అడిగాడు. ఎవరూ బ్యాంకుకి చెప్పకపోతే వెళ్తుందన్నాను. నవ్వాడు. ఆసుపత్రికి వచ్చాక వాడు నవ్వడం నేను చూసింది అదొక్కసారే. "అయితే మీ మిషను మంచిదే" అన్నాడు.

ఇంకో మూడు నాలుగు నెలలకి సరిపడా ఉంది. ఫీఫిటా కూడా అక్క ఇష్టమే అంది. నువ్వు ఆపమంటే ఆపుతాను, వద్దంటే ఆ పత్రం నా సొరుగులోనే ఉంటుంది. ఉద్యోగం పోతే పోతుంది.

పెలె

*

ఓహోనువా
నవంబరు 8, 1999

పెలే,

నొక్కెయ్యి.

ఒకటో తారీకున మళ్ళీ వచ్చింది, ఇరవై. ఈసారి తీసుకోలేదు, అలాగే ఉంచాను. వాడికి అక్కంటే ఎంత మర్యాదో నాకు తెలుసు, మిషను చెప్పక్కర్లేదు. ఆ పడవ డబ్బు ఇంటిది. పిల్లల బడి ఫీజులకి కావాలి. ఫీఫిటా అడగదు, వాడి భార్య కదా, వాడిలాగే నోరు విప్పదు. నా ఖాతాలో వచ్చి పడ్డవన్నీ కూడా దానికే పంపుతున్నాను, చాపలు కూడా. అక్క ఇచ్చింది కాదనకూడదని చెప్పు, అది ఆచారమే కదా.

వేరేవాళ్ళ చేత వద్దు. నువ్వే నొక్కు. నొక్కేటప్పుడు పక్కన ఎవరితోనూ మాట్లాడకు.

నీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. రెండు ఓడలు పట్టుకుని వస్తే రోజున్నర. వాకిట్లో కూర్చునేదాన్ని, లోపలికే వెళ్ళేదాన్ని కాదు. వాడు లేవక్కర్లేకుండా బయట చెట్టు కింద, వీపు అటు తిప్పుకుని కూర్చునేదాన్ని. దగ్గితే వినబడేది కదా. అది కూడా లేకుండా చేశారు మీ ఇద్దరూ. వాడి సిగ్గు వాడిది, దాన్ని నేను తప్పు పట్టను. నీకేం సిగ్గే? నీకూ నాకూ మధ్య ఏం ఆచారం అడ్డొచ్చింది?

ఉత్తరాలు మానేద్దామనుకున్నాను. రెండు వారాలు కాగితం ముట్టుకోలేదు. కానీ పెలే, ఈ ఆర్నెల్లు వాణ్ణి చూసింది, వాడితో మాట్లాడింది నువ్వే. నాకు చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. కాలు తీసేటప్పుడు ఏడ్చాడా? ఏం తినేవాడు? రాత్రిళ్ళు పక్కన ఎవరు కూర్చున్నారు? నీ జడ గురించి ఏమైనా అన్నాడా?

అన్నీ రాయి. ఇప్పుడు నాకు చెప్పకూడని కబురంటూ ఏదీ మిగల్లేదు, భయం లేకుండా రాయి.

లెసియెలి